ముద్ద దిగని గొంతు

తెలుగులో గొంతుకూ దుఃఖానికీ ఉన్న చుట్టరికం చాలా పాతది. బాధ కలిగితే గొంతు పూడుకుపోతుంది, మాట పెగలదు, ముద్ద దిగదు. నచ్చని సంగతి మింగుడుపడదు. అన్నం తింటూండగా పొలమారితే పక్కనున్నవారు నెత్తిమీద తట్టి, ఎవరో తలచుకుంటున్నారని చెబుతారు. ఈ పలుకుబళ్ళు ఎంత అందంగా ఉన్నా, నిజంగానే మింగలేక అవస్థపడుతున్న మనిషి ఒక్కొక్కప్పుడు వాటి చాటున కనబడకుండా పోవడం కద్దు. ముద్ద దిగకపోవడానికి మనసు కారణమైనట్లే కండరమూ కారణం కావచ్చు. ఆ కండరాన్ని మెడలోనే ఉన్న ఒక చిన్న గ్రంథి నీరుగార్చివేయవచ్చునన్న సంగతి వైద్యులకు నిర్ధారణగా తెలియడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ నూరేళ్ళలో జరిగినదేమిటో ఈ టపాలో చెప్పదలచాను.

ముందు గ్రంథి పేరు సంగతి. ఇరవై గ్రాముల బరువుతో, సీతాకోకచిలుక ఆకారంలో గొంతు ముందు భాగాన కూర్చున్న థైరాయిడ్‌ను మన పాఠ్యపుస్తకాలు అవటు గ్రంథి అన్నాయి. అమరకోశంలో అవటువంటే మెడ వెనుక భాగం. ముందున్న గ్రంథికి వెనుక పేరు ఎలా అంటుకుందో గానీ, పరీక్షలు రాసిన తరాలన్నీ దానిని అలాగే బట్టీపట్టాయి. థైరాయిడ్ అన్న పేరును పెట్టినవాడు లండన్ వైద్యుడు థామస్ వార్టన్, 1656లో. గ్రీకు భాషలో డాలుకున్న పేరు నుంచి దానిని తీసుకున్నాడు. ఆ గ్రంథి చేసే పనులలో ఒకటి మెడను గుండ్రంగా తీర్చి, ముఖ్యంగా స్త్రీలకు, అందం చేకూర్చడమని ఆయన రాశాడు. నవ్వుకోదగ్గ మాటే. అయితే ఆ తరువాత రెండు వందల యేళ్ళ పాటు ఈ గ్రంథి రోగాలను చూసినవారు కూడా ఇంచుమించు అదే దృష్టితో, పైకి కనబడేదాన్నిబట్టే చూశారని ముందు ముందు తెలుస్తుంది.

మెడవాపు మాత్రం మన దేశంలోనూ ఎరిగినదే. సుశ్రుత సంహిత నిదానస్థానంలో గళగండం వర్ణన ఉంది. ఆ వాపుకూ, గుండెదడకూ, కళ్ళు ముందుకు పొడుచుకురావడానికీ ఒకే మూలం ఉన్నదని కనిపెట్టడమే కొత్త సంగతి. పన్నెండో శతాబ్దపు పారశీక వైద్యుడు జుర్జానీ మెడవాపునూ కళ్ళ ఉబ్బునూ కలిపి చూశాడు. తరువాత చాలాకాలం ఎవరూ ఆ దారిన వెళ్ళలేదు. ఇంగ్లండులోని బాత్ నగరంలో కేలెబ్ హిల్లియర్ పారీ అనే వైద్యుడు 1786లో ఇటువంటి మొదటి రోగిని చూశాడు. మశూచి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్‌కు ఈయన బాల్యమిత్రుడు. 1798లో జెన్నర్ తన గ్రంథాన్ని అంకితమిచ్చింది ఈయనకే. పారీ 1822లో చనిపోగా ఆయన కాగితాలు 1825లో అచ్చయినాయి. వాటిలో ఇరవయ్యొక్క యేళ్ళ యువతి కథ ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. 1803లో ఆమె ఎక్కిన చక్రాల కుర్చీ వాలున వేగంగా దిగుతూండగా ఆమె కింద పడింది. దెబ్బ పెద్దగా తగలలేదు గానీ బాగా జడుసుకుంది. ఆనాటి నుంచి గుండెదడ, నరాల బాధలు మొదలయ్యాయి, కొద్ది రోజులకు మెడ వాచింది. భయం వల్ల ఈ జబ్బు వస్తుందన్న నమ్మకం అలా మొదటి పుటల నుంచే దీనిని అంటిపెట్టుకుంది. మన ఊళ్ళలో 'దడుపు' అని తాయెత్తు కట్టడానికీ దీనికీ దూరం ఎంత?

ఇక రాబర్ట్ గ్రేవ్స్. డబ్లిన్ నగరంలో మీత్ ఆసుపత్రి వైద్యుడు. విద్యార్థులను రోగి మంచం దగ్గరకు తీసుకువెళ్ళి పాఠం చెప్పే పద్ధతిని ఆ దేశంలో నిలబెట్టినవాడు. ఆయన జీవితం ఒక నవలకు సరిపోతుంది. యువకుడిగా ఆస్ట్రియాలో తిరుగుతూంటే, జర్మన్ భాష అంత చక్కగా మాట్లాడే ఐరిష్‌వాడు ఉండడని అనుమానించి గూఢచారి అని చెరలో వేశారట. చిత్రకారుడు టర్నర్‌తో కలసి ఆల్ప్స్ కొండలలో కొన్నాళ్ళు ప్రయాణం చేశాడు కూడా. ఈయన 1835లో అచ్చువేసిన ఒక పాఠంలో గుండెదడా మెడవాపూ కలిసిన ముగ్గురు స్త్రీల గురించి చెప్పాడు. వారిలో ఒకరి గుండె చప్పుడు నాలుగడుగుల దూరానికి వినిపించేదట. ఆ పాఠంలోనే ఇరవయ్యేళ్ళ యువతి ఒకరు కనిపిస్తారు. ఆమె బాధలను మొదట హిస్టీరియాగా ఎంచారు. కొన్ని నెలలకు నాడి విపరీతంగా వేగం పుంజుకుంది. ఆపైన ఏ కాస్త శ్రమ చేసినా నీరసం వస్తోందని ఆమె చెప్పింది, పాలిపోయి చిక్కిపోయింది. ఆ తరువాతే కళ్ళు పెద్దవై, నిద్రలో కూడా రెప్పలు మూతపడని స్థితి వచ్చింది.

ఈ వరుసను ఒక్కసారి గమనించండి. హిస్టీరియా అన్నారు, నాడి హెచ్చింది, నీరసం వచ్చింది, చివరికి కళ్ళు ఉబ్బాయి. కండరాల బలహీనత ఈ జబ్బు తొలి వర్ణనలోనే, కళ్ళకంటే ముందు వాక్యంలో ఉంది. అయినా జబ్బు ముఖచిత్రం గీసినప్పుడు దానికి చోటు దొరకలేదు. ఆ చిత్రం గీసినవాడు జర్మనీలోని మెర్సెబుర్గ్ పట్టణ వైద్యుడు కార్ల్ అడోల్ఫ్ ఫాన్ బాసెడో. 1840లో నలుగురు రోగుల గురించి రాస్తూ ఆయన చూపిన మూడు గుర్తులు - మెడవాపు, ఉబికిన కళ్ళు, గుండెదడ - మెర్సెబుర్గ్ త్రయమన్న పేరుతో స్థిరపడిపోయాయి. జర్మన్లు నేటికీ దీనిని బాసెడో వ్యాధి అంటారు, ఇంగ్లీషువారు గ్రేవ్స్ వ్యాధి అంటారు. ఫ్రాన్సులో త్రూసో 1860లలో గ్రేవ్స్ పక్షం వహించాడు. ఈ త్రూసో ఒక రోగికి డిజిటాలిస్ రాయబోయి పరధ్యానంలో అయోడిన్ టింక్చర్ రాసిచ్చాడు. ఆమెకు చక్కగా గుణం కనిపించింది. పొరపాటు తెలుసుకొని డిజిటాలిస్‌కు మారిస్తే జబ్బు తిరగబెట్టింది. అయోడిన్ విలువను తిరిగి కనుగొనడానికి ఇంకో అరవయ్యేళ్ళు పట్టింది.

మూడు గుర్తులలో రెండింటిని ఎదుటివాడు గుమ్మంలో నిలబడే చూడగలడు. మూడవదాన్ని చేతితో తాకి తెలుసుకోగలడు. కాళ్ళలో సత్తువ లేదన్నది, ముద్ద గొంతు దిగడం లేదన్నది రోగి నోటితో చెబితే తప్ప తెలియవు. చెప్పినా నమ్మాలి. ఈ జబ్బు మగవారికంటే ఆడవారికి ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఒక స్త్రీ గొంతులో ఏదో అడ్డుపడుతోందని చెబితే వైద్యుని దగ్గర సిద్ధంగా ఒక లాటిన్ మాట ఉండేది: గ్లోబస్ హిస్టీరికస్. అంటే హిస్టీరియా ఉండ. ఆ పేరు పెట్టేస్తే ఇక వెతకవలసిన పని ఉండదు.

సాహిత్యం చదివేవారికి పరిచయమైన ఉదాహరణ ఒకటి ఉంది. 'గాబ్లిన్ మార్కెట్' రాసిన ఆంగ్ల కవయిత్రి క్రిస్టినా రోసెట్టికి 1871లో ఈ జబ్బు వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై యేళ్ళు. ఆమె గురించి రాసినవారిలో చాలామంది ముందుగా చెప్పేది ముఖం మారిపోయిందని, కళ్ళు ఉబికాయని, చర్మం రంగు తేడా వచ్చిందని. అన్న డాంటే గాబ్రియెల్ గీసిన చిత్రాలలోని సన్నని ముఖాన్ని ఎరిగిన లోకం ఆ మార్పునే చూసింది. చేతులు వణుకుతూ, ఓపిక లేక, నెలల తరబడి ఇంట్లో పడి ఉన్న మనిషి మాత్రం జీవితచరిత్రలలో ఒకటి రెండు వాక్యాలకు కుదించుకుపోయింది. తరువాత ఆమె కోలుకుని ఇరవయ్యేళ్ళకు పైగా జీవించింది. మందు లేని రోజులలో కొందరికి జబ్బు దానంతటదే తగ్గుముఖం పట్టేది, కొందరు గుండె ఆగి పోయేవారు.

ఈలోగా పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో ఈ జబ్బును నాడీరోగాల పట్టికలో వేశాడు. ఫ్రాన్సులో గ్రేవ్స్ వ్యాధి గురించి మొదట రాసినవారిలో ఆయన ఒకడు. ఆయన శిష్యుడు పియెర్ మరీ 1883లో వేళ్ళ వణుకును నాలుగవ గుర్తుగా చేర్చాడు. షార్కో స్వయంగా 1880ల చివర మరో సంగతిని పసిగట్టాడు. ఈ రోగులలో కొందరికి నడుస్తూ నడుస్తూ ఉండగా కాళ్ళు ఒక్కసారిగా కూలిపోతాయి. చూపు గొప్పదే. కానీ అది నరాలలో లోపమన్న సిద్ధాంతంలో ఇమిడిపోయి, కండరం వైపు ఎవరూ తిరగలేదు. గ్రంథి అతిగా పని చేయడమే జబ్బుకు మూలమని లైప్‌జిగ్‌లో మోబియస్ 1886లో గట్టిగా వాదించే దాకా గ్రంథి కూడా నరాల చేతి కీలుబొమ్మగానే చెలామణీ అయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్, బెర్న్‌లో థియొడోర్ కోహర్ వంటి శస్త్రవైద్యులు గ్రంథిని కోసి తీసివేస్తే రోగులు బాగుపడటం మోబియస్ వాదానికి బలం చేకూర్చింది. ఒకప్పుడు ప్రాణాంతకమైన ఆ శస్త్రచికిత్సను నిర్భయంగా చేయదగినదిగా తీర్చిదిద్దినందుకు కోహర్‌కు 1909లో నోబెల్ బహుమతి లభించింది.

చరిత్రలో కొన్ని సంవత్సరాలు అదే పనిగా మన కాలికి తగులుతూ ఉంటాయి. ఈ కథలో 1895 అలాంటిది. ఆ యేడు లండన్ నుంచి వెలువడే 'లాన్సెట్' పత్రికలో బాథర్స్ట్ అనే వైద్యుడు గ్రేవ్స్ వ్యాధితో పాటు కండరాలు క్షీణించిన రోగి గురించి రాశాడు. కండరం పేరెత్తి రాసిన తొలి నివేదికలలో అది ఒకటి. అదే యేడు బెర్లిన్‌లో మాగ్నస్-లెవీ, థైరాయిడ్ హెచ్చినవారు ఊరకే పడుకుని ఉన్నా మామూలు మనిషికంటే ఎక్కువ ప్రాణవాయువును ఖర్చు చేస్తారని కొలిచి చూపాడు. ఆ నగరంలోనే యోలీ అనే వైద్యుడు మరో బలహీనత జబ్బుకు మయస్తీనియా గ్రావిస్ అని పేరు పెట్టిన వ్యాసం వెలువడింది. ఆ పేరు మన కథకు తరువాత అడ్డం పడుతుంది. చివరి నెలలలో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. ఇక ఆ యేడు జనవరి 12న భీమవరంలో ఒక మగపిల్లవాడు పుట్టాడు. ఆయన దగ్గరకు చివర్లో వద్దాం.

ఎక్స్-కిరణాలు రాగానే మింగడాన్ని కళ్ళారా చూడటం సాధ్యమైంది. హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్ 1896లో ఒక బాతుజాతి పక్షికి బిస్మత్ కలిపిన మేత పెట్టి, ఆ ముద్ద పొడుగాటి మెడలో దిగుతూండటాన్ని తెరమీద చూశాడు. తమాషా ఏమిటంటే ఇదే కానన్ ఇరవయ్యేళ్ళ తరువాత పిల్లులలో నరాలను అతికి గ్రేవ్స్ వ్యాధి లక్షణాలను పుట్టించానని నమ్మాడు. భయం, ఉద్రేకం, నరాలు, గ్రంథి - ఈ గొలుసు ఆయననూ వదలలేదు. మింగడం, థైరాయిడ్ రెండూ ఒకే మనిషి బల్లమీదకు వచ్చి, ఒకదానితో ఒకటి పలకరించుకోకుండానే వెళ్ళిపోయాయి.

ఇలాగే జరిగిన మరో పెద్దమనిషి అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన హెన్రీ ప్లమర్. గ్రేవ్స్ వ్యాధికీ, గడ్డలు కట్టిన గ్రంథి విషం చిమ్మడానికీ తేడా చెప్పినవాడు. శస్త్రచికిత్సకు ముందు అయోడిన్ ఇస్తే రోగి గట్టెక్కుతాడని 1920లలో స్థిరపరచినవాడు. త్రూసో చేజార్చుకున్నది ఇదే. ప్లమర్ పేరుతో ఒక పరీక్ష ఉంది. రోగిని ఒక కుర్చీ మీదకు కాలు పెట్టి ఎక్కమనాలి. తొడ కండరాలు క్షీణించినవారు ఎక్కలేరు. యంత్రం అక్కరలేని పరీక్ష. మన ఇళ్ళలోనైతే పీట మీద నుంచి చేతులు ఆనించకుండా లేవమంటే చాలు. తొడలు, భుజాలు - మొండేనికి దగ్గరగా ఉన్న కండరాలే ఈ జబ్బులో ముందు సడలుతాయి. మెట్లు ఎక్కలేకపోవడం, తల దువ్వుకోవడానికి చేయి పైకెత్తలేకపోవడం, బావి నుంచి చేద పైకి రాకపోవడం దాని గుర్తులు.

ప్లమర్ పేరే మరో జబ్బుకు కూడా ఉంది: ప్లమర్-విన్సన్. ఇనుము తక్కువై రక్తహీనత ముదిరినవారిలో, ఎక్కువగా స్త్రీలలో, అన్నవాహికలో సన్నని పొర అడ్డుకట్టి ముద్ద దిగదు. 1922లో విన్సన్ దీని గురించి రాసిన వ్యాసానికి పెట్టిన పేరు 'హిస్టీరికల్ డిస్ఫేజియా' - హిస్టీరియా వల్ల మింగలేకపోవడం! గొంతులో పొర ఉన్నది, ఒంట్లో రక్తం లేదు, అయినా తప్పు మనసుదే. థైరాయిడ్ సంగతి దీనికి భిన్నంగా ఉంటుందని ఎలా ఆశిస్తాం?

పైగా 1931లో బోస్టన్ శస్త్రవైద్యుడు ఫ్రాంక్ లేహీ మరో చిక్కును బయటపెట్టాడు. పెద్ద వయసువారిలో ఈ జబ్బు మారువేషంలో వస్తుంది. కళ్ళు ఉబకవు, చెమటలు పట్టవు, కంగారు ఉండదు. మనిషి ఊరకే చిక్కిపోతాడు, మందకొడిగా, దేనిమీదా ఆసక్తి లేనట్లు కూర్చుంటాడు. మెర్సెబుర్గ్ త్రయంలో ఒక్క గుర్తూ కనిపించకపోవచ్చు.

లేహీ చెప్పిన ఈ మారువేషం నాకు పుస్తకాలలో కంటే ముందు మా మేనత్త దగ్గర తెలుసు. 1991 నాటి మాట. మావయ్య పోయి యేడాది తిరగలేదు. అరవై దాటిన మనిషి, సగానికి సగం అయిపోయింది. మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. గొంతు మారి మాట ముక్కుతో వచ్చేది. పీట మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకునేది. నాలుగు ముద్దలలో రెండు సార్లు పొలమారేది. "మీ మావయ్య తలుచుకుంటున్నారురా, రమ్మంటున్నారు కాబోలు" అని నవ్వేది. ఇంటిల్లిపాదికీ అది దిగులు జబ్బుగానే తోచింది. ఊళ్ళో చూసిన డాక్టరు కూడా దిగులుకే మాత్రలిచ్చాడు. వాటి మత్తులో మింగడం ఇంకా కష్టమైంది. రెండు సార్లు న్యుమోనియా వచ్చింది. రెండోసారి విశాఖపట్నం తీసుకువెళితే, అక్కడొక కుర్ర డాక్టరు చాలాసేపు నాడి పట్టుకుని కూర్చుని, "మామ్మగారూ, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవండి" అన్నాడు. ఆవిడ లేవలేకపోయింది. రక్తం తీసి పంపారు. థైరాయిడ్ హెచ్చింది. నియోమెర్కజోల్ మాత్రలు మొదలుపెట్టి, కొన్నాళ్ళు ముక్కులో గొట్టం ద్వారా ఆహారం పోశారు. ఆరో వారానికి జావ, మరి రెండు వారాలకు మెత్తగా పిసికిన పెరుగన్నం తిన్నది. ఆ తరువాత పదమూడేళ్ళు బతికి, మా ఇళ్ళలో అందరి పెళ్ళిళ్ళకూ ఆవపెట్టిన పులిహోర తానే కలిపింది. మావయ్య మీద దిగులు మాత్రం అలాగే ఉండేది.

ఆవిడకు వచ్చినదానికి వైద్యశాస్త్రంలో పేరు పడింది 1944లో. ఆ యేడు 'లాన్సెట్'లో లోరెంట్ అనే వైద్యుడు 'తీవ్ర థైరోటాక్సిక్ బల్బార్ పక్షవాతం' అన్న శీర్షికతో రాశాడు. బల్బ్ అంటే మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోటున్న భాగం. నాలుకకూ అంగిలికీ గొంతుకూ వెళ్ళే నరాల మూలాలు అక్కడుంటాయి. మింగలేకపోవడం, ముక్కుతో మాట్లాడటం చూసి లోపం అక్కడ ఉన్నదనుకోవడం సహజమే. మరుసటి యేడు స్వీడన్‌లో యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ తన వ్యాసానికి పెట్టిన పేరులోనే సందేహాన్ని పెట్టాడు: ఇది మెదడు జబ్బా, కండరం జబ్బా? షార్కో కాలం నుంచి వాయిదా పడుతూ వచ్చిన ప్రశ్న అది.

జవాబు తేలకుండా అడ్డుపడింది పైన చెప్పిన మయస్తీనియా. దానిలోనూ మింగడం కష్టమే, మాట ముక్కుతో రావడమే. 1934లో గ్రీనిచ్‌లోని ఒక సాధారణ ఆసుపత్రిలో పనిచేస్తున్న మేరీ వాకర్ అనే వైద్యురాలు ఫైసోస్టిగ్మిన్ సూదిమందుతో మయస్తీనియా రోగిని కొద్దిసేపు మామూలు మనిషిని చేసి చూపింది. అప్పటి నుంచి గొంతు బలహీనత కనిపిస్తే ఆ తరహా మందు ఇచ్చి చూడటం ఆనవాయితీ అయింది. రెండు జబ్బులూ రోగనిరోధక వ్యవస్థ దారితప్పడం వల్ల వచ్చేవే కనుక ఒకే మనిషిలో కలిసి ఉండటమూ ఉంది. అందుచేత థైరాయిడ్ రోగి మింగలేకపోతే మయస్తీనియా తోడైందని రాసుకుని ఊరుకునేవారు. అయితే కొందరు రోగులు ఆ మందుకు సరిగా లొంగలేదు. 1943లో బోస్టన్‌లో ఆస్ట్‌వుడ్ థైరాయిడ్‌ను అణచే మందులను వాడుకలోకి తెచ్చాక, మరే మందూ లేకుండా, గ్రంథి జోరు తగ్గిన కొద్ది వారాలకే వారి గొంతు తెరుచుకుంది. మెదడులో నరాల మూలాలు చచ్చిపోయి ఉంటే అలా జరగదు. 1960లలో ఇయాన్ రామ్సే కండరాల విద్యుత్తును నమోదు చేసి చూడగా, నీరసం ఉందని చెప్పనివారితో సహా, థైరాయిడ్ హెచ్చిన రోగులలో అత్యధికుల కండరాలలో తేడా బయటపడింది. గ్రేవ్స్ రోగి చెప్పిన మాటకు సాక్ష్యం దొరకడానికి అలా నూట ముప్పయ్యేళ్ళు పట్టింది.

మింగడం మనం అనుకున్నంత తేలిక పని కాదు. పాతిక జతలకు పైగా కండరాలు, మెదడు నుంచి వచ్చే అయిదు జతల నరాలు కూడబలుక్కుని ఒక్క క్షణంలో చేసే పని. నాలుక ముద్దను వెనక్కి తోయాలి, అంగిలి పైకి లేచి ముక్కు దారి మూయాలి, స్వరపేటిక ముందుకు లేచి ఊపిరి దారి మూసుకోవాలి, అన్నవాహిక నోరు తెరుచుకోవాలి. గొంతులోనివీ, అన్నవాహిక పై భాగంలోనివీ తొడ కండరాల జాతివే. తొడకు వచ్చిన బలహీనత గొంతుకు రావడంలో వింతేమీ లేదు. అంగిలి సరిగా లేవకపోతే నీళ్ళు ముక్కులోకి వస్తాయి. స్వరపేటిక ఆలస్యం చేస్తే పొలమారుతుంది. దగ్గడానికి కూడా సత్తువ లేనప్పుడు తిన్నది ఊపిరితిత్తులలోకి జారుతుంది. థైరాయిడ్ హెచ్చినవారిలో గొంతు దాకా పాకడం అరుదే. తొడలూ భుజాలూ నీరసించడం మాత్రం చాలా మామూలు. 2000లో వెలువడిన ఒక డచ్చి పరిశీలనలో మూడింట దాదాపు రెండు వంతుల రోగులకు ఏదో ఒక కండరంలో బలహీనత కనిపించింది. చికిత్సతో సగటున నాలుగు నెలల లోపే అది పోయింది.

ఇది మరొక థైరాయిడ్ పక్షవాతంతో కలిసిపోరాదు. మన ఆసియా మగవారిలో ఎక్కువగా కనిపించే ఆ జబ్బులో, రాత్రి పెళ్ళిభోజనం లాంటిది దండిగా చేసి పడుకున్న యువకుడు తెల్లవారి లేచేసరికి కాళ్ళు కదలవు. రక్తంలోని పొటాషియం ఒక్కసారిగా కండరాలలోకి వెళ్ళిపోవడం దానికి కారణం. అది గంటలలో వచ్చి గంటలలో పోతుంది, గొంతు జోలికి సాధారణంగా రాదు.

కండరం ఎందుకు సడలుతుంది? ఇక్కడే భీమవరం పిల్లవాడి దగ్గరకు రావాలి. 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఆ పద్ధతితో కండరాన్ని పరిశీలిస్తూ 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను కనుగొన్నారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే యేడు విడిగా దానిని పట్టుకున్నారు. కండరం అకస్మాత్తుగా పని చేయవలసి వచ్చినప్పుడు చేతిలో ఉన్న చిల్లర డబ్బు లాంటిది ఈ పదార్థం. సుబ్బారావుకు దక్కవలసిన కీర్తి దక్కలేదని మన బ్లాగ్మిత్రులు చాలామంది రాశారు. నేనూ ఏకీభవిస్తాను, ఇక్కడ దానిని తిరగదోడను. గ్రేవ్స్ రోగుల మూత్రంలో క్రియేటిన్ అసాధారణంగా ఎక్కువగా పోతుందని ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలోనే గమనించారు. కండరం తన చిల్లరను నిలుపుకోలేకపోతోందన్న మాట. అతిగా ఊరిన థైరాయిడ్ హార్మోను కండరంలోని మాంసకృత్తులను కట్టేదానికంటే వేగంగా కూల్చుతుంది. నిదానంగా, పొదుపుగా పనిచేసే పోగులను వేగంగా, దుబారాగా పనిచేసేవిగా మార్చివేస్తుంది. అవి చురుగ్గా ముడుచుకుని చురుగ్గా సడలుతాయి, త్వరగా అలసిపోతాయి. మోకాలిమీద సుత్తితో తడితే కాలు మామూలుకంటే వేగంగా ఎగిరిపడటం, అదే కాలు మెట్టు ఎక్కలేకపోవడం ఒకే కారణం వల్లనే. కండరం చచ్చి పగిలిపోవడం లేదు కనుక, కండరాల జబ్బులలో వైద్యులు చూసే సి.పి.కె. రక్తపరీక్ష ఇందులో సాధారణంగా మామూలుగానే ఉంటుంది. అది చూసి కండరాలు బాగున్నాయని రోగిని ఇంటికి పంపినవారూ ఉన్నారు.

రోగుల రక్తంలోని ఒక పదార్థమే గ్రంథిని నిర్విరామంగా తట్టి లేపుతుందని 1956లో న్యూజిలాండ్‌లో ఆడమ్స్, పర్వెస్ కనుగొనడంతో చక్రాల కుర్చీ మీద నుంచి పడ్డ యువతి భయానికి ప్రధాన పాత్ర పోయింది. 1960లలో జేమ్స్ బ్లాక్ బృందం తయారు చేసిన ప్రొప్రనొలోల్ దడనూ వణుకునూ గంటలలో అదుపులోకి తేగలిగింది. టి.ఎస్.హెచ్. పరీక్ష ఇప్పుడు మన చిన్న పట్టణాల ల్యాబులలో కూడా చేస్తారు. గొంతు తేరుకునేదాకా చేయవలసినవి చిన్న చిన్న పనులు. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి వంచమనాలి. పలుచని నీళ్ళకంటే జావలా చిక్కగా ఉన్నది నెమ్మదిగా దిగుతుంది, గొంతుకు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. దగ్గు ఎక్కువైతే నోటి ద్వారా ఇవ్వడం ఆపి గొట్టం వేస్తారు. ఇరవయ్యో శతాబ్దం చివర వచ్చిన అయస్కాంత అనునాద పద్ధతులతో, చర్మం కోయకుండానే, రోగి తొడలో ఫాస్ఫోక్రియేటిన్ ఎంత ఉన్నదో చూడటం వీలయింది. థైరాయిడ్ హెచ్చినవారిలో, కాలు కదపక పడుకుని ఉన్నప్పుడు కూడా, అది తక్కువగా ఉన్నట్టు ఆ గీతలు చూపాయి.